తాళం వేసిన ఇప్పపూలు

మొదట పోయింది ఇప్పపూల కొమ్మ.

సోమవారం పొద్దున్న భర్త ఉమామహేష్ ఫస్టు షిఫ్టు బస్సెక్కి కొండ మీది ఇనుపగనికి డ్యూటీకి వెళ్లాక, రాజ్యశ్రీ కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని లాప్‌టాప్ తెరిచింది. ఆ ఇంట్లో విలువైనదంతా ఫ్రిజ్ మీద, వైఫై పెట్టె పక్కన కూర్చున్న నల్ల డబ్బాలో ఉంటుంది. లోపల రెండు హార్డ్‌డిస్కులు. ఒకటి పాడైనా రెండోదాంట్లో మిగులుతుందని ఏరి కోరి కొనిపించింది. విశాఖలో చదువుతున్న కూతురు అమ్ము చిన్నప్పటి వీడియోలు, పెళ్లి ఫొటోలు, అన్నిటికంటే ముఖ్యంగా తన బ్లౌజుల డిజైన్లు అందులోనే. ముందుగదిలో లాప్‌టాప్ నుంచి చూసినా, వెనక వరండాలో ఎంబ్రాయిడరీ మిషన్ పక్కనున్న పాత కంప్యూటర్ నుంచి చూసినా ఆ డబ్బాలో ఉన్నదే కనిపిస్తుంది. కిరండూల్ ఎర్రదుమ్ము పడకుండా ఆమె దాని మీద పాత తువ్వాలు కప్పుతుంది. గాలాడక చస్తుందని ఉమామహేష్ తీసేస్తాడు. ఆమె మళ్లీ కప్పుతుంది.

తన దగ్గర ఎంబ్రాయిడరీ పనిచేసే ఇంద్రాణి పేరుతో ఉన్న ఫోల్డరు తెరిచింది. శనివారం సాయంత్రం ఇంద్రాణి దాచి వెళ్లిన డిజైను అందులో లేదు. ఆ పిల్ల గేటు దాటగానే రాజ్యశ్రీ తెరిచి చూసుకుంది కూడా. అప్పుడు ఉంది, ఇప్పుడు లేదు. ఇంద్రాణి రెండేళ్లుగా చేసిన పాత డిజైన్లు ఉన్నాయి. తను కొన్న నాలుగొందల నెమళ్లూ, హంసలూ, మామిడిపిందెలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. జగదల్‌పూర్ బట్టల వ్యాపారి శ్రీరంగం గారి అమ్మాయి మౌనిక పెళ్లికని గీయించిన ఇప్పపూల కొమ్మ ఒక్కటే మాయమైంది.

పదకొండు బ్లౌజులు. వచ్చే సోమవారానికి జగదల్‌పూర్ చేరాలి. "అందరూ వేసుకునే నెమళ్లు నాకొద్దాంటీ, ఇక్కడి పువ్వులు కావాలి" అని మౌనిక పట్టుబట్టింది. ఇక్కడి పువ్వుల్ని కుట్టులోకి దింపగలిగింది ఈ టౌన్‌షిప్ మొత్తానికీ ఇంద్రాణి ఒక్కతే. ఆ సంగతి రాజ్యశ్రీకి గర్వంగా ఉండేది. పోయిన నెల బచేలి బజార్లో దేముడు అనే అతను రెండు మిషన్లతో షాపు తెరిచినప్పటి నుంచి ఆ గర్వం గుబులుగా మారింది.

ఇంద్రాణి తొమ్మిదింటికి సైకిలు దిగి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, వరండాలోకి వచ్చింది. పాతికేళ్లుంటాయి. తల్లి లేదు, తండ్రితో రైలుకట్ట పక్క బస్తీలో ఉంటుంది. ఇంట్లో హల్బీ, బజార్లో హిందీ, చిన్నప్పటి నుంచి తెలుగు క్వార్టర్లలో తిరగడం వల్ల తెలుగు కూడా ధారాళంగా మాట్లాడుతుంది. తెలుగు చదవడం మాత్రం రాదు.

"శనివారం డిజైను ఎక్కడ పెట్టావే?"

"డబ్బాలోనే దీదీ. తాళం కూడా వేశాను."

"ఏదీ, చూపించు మరి."

ఇంద్రాణి పాత కంప్యూటర్ ముందు కూర్చుని వెతికింది. రెండుసార్లు వెతికింది. తర్వాత సంచీలోంచి గళ్ల కాగితాల నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, "సరేలెండి, మళ్లీ చేస్తాను. మధ్యాహ్నానికి అయిపోద్ది" అంది.

అంతే. అయ్యో అని లేదు, పోయిందే అని లేదు. మూడు గంటల పని గాలికి పోతే మనిషన్న వాళ్లు నుదురైనా కొట్టుకోరా? రాజ్యశ్రీకి మనసులో మొదటి ముల్లు అక్కడే దిగింది. తనదైతే ఏడ్చేది. ఏడవడం లేదంటే, పోలేదని తెలుసన్నమాట.

తాళం రాజ్యశ్రీ ఆలోచనే. దేముడి షాపు తెరిచాక, తన డిజైన్లు అక్కడికి చేరతాయేమోనని నిద్ర పట్టక, ఫోనులో వీడియో చూసి ఒక చిన్న ప్రోగ్రాం దించుకుంది. డిజైనును అందులో పెడితే మూటలా కట్టేస్తుంది. పాస్‌వర్డు కొడితేగాని మూట విప్పుకోదు. "మౌనిక డిజైన్లు ఒక్కటి కూడా తాళం లేకుండా ఉండకూడదు. ఈ పాత కంప్యూటర్లో ఏదీ ఉంచకూడదు, అన్నీ డబ్బాలోకే" అని పోయిన బుధవారం ఇంద్రాణికి గట్టిగా చెప్పింది. కొనుక్కున్న నెమళ్లకి తాళం దండగ, అవి ఊరందరి దగ్గరా ఉన్నాయి.

అక్కడితో ఆగలేదు. మర్నాడు గురువారం, జగదల్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు కిషోర్‌కి ఫోన్ చేసి, మంచి యాంటీవైరస్ ఒకటి లాప్‌టాప్‌లో వేయించుకుంది. అతను అక్కడ కూర్చునే ఇంటర్నెట్ మీంచి ఎక్కించాడు. పాత కంప్యూటర్‌కి అంత శక్తి లేదని దాని జోలికి పోలేదు. అప్పటి నుంచి లాప్‌టాప్ మూల అప్పుడప్పుడూ పచ్చ టిక్కుతో ఒక చీటీ లేస్తోంది. ముప్పు తొలగించాం, మీరు క్షేమం అని ఇంగ్లీషులో ఉంటుంది. రెండు క్షణాల్లో మాయమవుతుంది. అది లేచినప్పుడల్లా ఇంటికి కాపలా పెట్టినట్టు ఆమెకు హాయిగా ఉండేది.

*

మంగళవారానికి ఇంకో రెండు పోయాయి. మళ్లీ గీసిన ఇప్పపూల కొమ్మ ఒకటి, జీలుగుచెట్టు గెల ఒకటి.

రాజ్యశ్రీ ఆ రోజు వంట పని పక్కన పెట్టి, బియ్యం చేట పట్టుకుని వరండా గుమ్మంలో కూర్చుంది. బియ్యంలో రాళ్లు లేవు, కళ్లు మాత్రం ఇంద్రాణి చేతుల మీదే ఉన్నాయి. ఆ చేతులు గుడ్డని ఫ్రేములో బిగించాయి, వేలితో తట్టి బిగువు చూశాయి, అడుగున కాగితం సర్దాయి, జరీ దారాన్ని సూది బెజ్జంలోకి ఒక్కసారికే ఎక్కించాయి. పెన్‌డ్రైవ్ మిషన్‌కి పెట్టి మీట నొక్కింది. సూది టకటకమని నడిచి, మౌనిక బ్లౌజు చేతి మీద ఆకులు ఒక్కొక్కటే మొలిచాయి. చేయి కుట్టడం అవగానే ఇంద్రాణి పెన్‌డ్రైవ్ లాగి, కంప్యూటర్‌కి పెట్టి, అందులో ఉన్నదంతా తుడిచేసింది.

"ఎందుకే తుడిచేస్తున్నావు?"

"నిండా ఉంటే మిషన్ నెమ్మదిగా చదువుద్ది దీదీ."

ఎప్పుడూ అలాగే తుడుస్తుంది. రెండేళ్లలో రాజ్యశ్రీకి అది జాగ్రత్తగా కనిపించేది. ఈ మంగళవారం మటుకు ఆనవాలు చెరిపేసుకున్నట్టు కనిపించింది.

పదకొండింటికి ఇంద్రాణి ఫోను మోగింది. ఆ పిల్ల లేచి పెరట్లో కరివేపాకు మొక్క దాకా వెళ్లి హల్బీలో మాట్లాడింది, మధ్యలో నవ్వింది. రాజ్యశ్రీకి కిరండూల్ వచ్చి ఇరవై రెండేళ్లయినా హల్బీ నాలుగు ముక్కలకు మించి రాలేదు. నేర్చుకోవలసిన అవసరం ఎన్నడూ పడలేదు. ఇవాళ పడింది. 'బచేలి' అన్న మాట రెండుసార్లు వినిపించింది.

"ఎవరే ఫోన్లో?"

"మా చెల్లి దీదీ."

చెల్లితో మాట్లాడ్డానికి కరివేపాకు దాకా పోవాలా?

సాయంత్రం ఉమామహేష్ స్నానం చేసి, నడుముకి తుండు చుట్టుకుని టీ తాగుతుంటే మొత్తం చెప్పింది.

"డబ్బాలోనే ఏదో తేడా వచ్చిందేమో," అన్నాడు. "నువ్వలగ తువ్వాలు కప్పితే వేడెక్కి చస్తాది."

"వేడెక్కితే నా నెమళ్లెందుకు పోవు? అమ్ము వీడియోలెందుకు పోవు? మౌనిక డిజైన్లే ఏరుకుని పోతాయేటి?"

"నిజమే, ఇదేటో విడ్డూరంగా ఉంది," అని టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ మాట చాలు రాజ్యశ్రీకి. మొగుడు కూడా ఒప్పుకున్నాడు.

అతను అటు బజారుకి వెళ్లగానే ఇటు కమలాకుమారి వచ్చింది. పై లైన్లో పెద్ద క్వార్టర్, భర్త ఇంజనీరు, టౌన్‌షిప్ ఆడవాళ్లు నడిపే పలాశ్ మహిళా సమితికి ఆవిడ కార్యదర్శి. బ్లౌజు వేసుకుని అద్దం ముందు భుజాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "రాజ్యం, నీ దగ్గర పనిచేసే పిల్ల సంగతేమిటి? మా బచేలి కుట్టు సెంటర్లో టీచరు కోసం చూస్తున్నాం. ఆదివారం ఇంటర్వ్యూకొచ్చి బాగా చేసింది. శనివారం మీటింగులో పేరు తేల్చేస్తాం" అంది.

రాజ్యశ్రీ నోట్లో పిన్నులు పెట్టుకుని ఉంది. ఒక్కొక్కటే తీసి పిన్నుల డబ్బాలో వేసింది. ఫోన్లో బచేలి, బచేలి అన్నది ఇందుకా! తనతో ఒక్క మాట అనలేదు. రెండేళ్లు పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తే, చెప్పకుండా ఎగిరిపోదామని చూస్తోందన్నమాట. అలా దాచిన మనిషి ఇంకేమైనా దాస్తుంది.

"చేతిలో పని మంచిదే అక్కా," అంది. "కానీ..."

"కానీ ఏమిటి?"

"ఏం లేదులే. ఈమధ్య నా డిజైన్లు కొన్ని కనపడ్డం లేదు. నేను ఎవరినీ అనటం లేదు."

కమలాకుమారి అద్దంలోంచే ఆమె వంక చూసింది. "సెంటర్లో పదిహేను మిషన్లుంటాయి. తాళాలు టీచరు చేతిలోనే," అని, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది.

*

బుధవారం మధ్యాహ్నానికి లెక్క ఐదుకి చేరింది. ఐదో డిజైనుని ఇంద్రాణి అన్నానికి లేచేముందు దాచింది. రాజ్యశ్రీ వెంటనే ముందుగదిలోకి వెళ్లి ఫోల్డరు తెరిచి, పేరు కళ్లారా చూసి, మూసి, కంచం పెట్టుకుంది. అన్నం తిని చేయి కడుక్కునేసరికి లేదు. ఆ కాసేపూ వరండాలో ఉన్నది ఇంద్రాణి ఒక్కతే.

సాయంత్రం ఐదింటికి ఆ పిల్ల మిషన్ మీద గుడ్డ కప్పి, సంచీ భుజాన తగిలించుకుంది. రాజ్యశ్రీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ సంచీ ఒకసారి ఇలా ఇయ్యి."

ఇంద్రాణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మీద ఏదో కదిలి ఆగిపోయింది. సంచీ తీసి, కట్టింగ్ బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

రాజ్యశ్రీ ఒక్కొక్కటే తీసింది. ఖాళీ టిఫిన్ డబ్బా. దువ్వెన. గళ్ల నోటుబుక్కు. నోటుబుక్కు మధ్యలో మడిచిన పన్నెండో తరగతి సర్టిఫికెట్ నకలు. అడుగున, చేతిరుమాలులో చుట్టి, ఎర్ర పెన్‌డ్రైవ్.

"ఇదేటి?"

"నాది దీదీ. మా చెల్లి పెళ్లి ఫొటోలు."

రాజ్యశ్రీ దాన్ని లాప్‌టాప్‌కి పెట్టింది. ఫొటోలే. పసుపు పూసుకున్న పెళ్లికూతురు, ఆకు దొన్నెల్లో భోజనాలు, డోలు వాయిస్తున్న మగవాళ్లు, ఎర్రంచు చీరలో నవ్వుతున్న ఇంద్రాణి. ఒక ఫొటో చూసి ఆపెయ్యొచ్చు. ఆమె ఆపలేదు. రెండొందల పన్నెండు ఫొటోలూ తిప్పింది. ఎక్కడో ఒకచోట దొరుకుతుందనే నమ్మకం ఆమెది. దొరకనకొద్దీ కోపం పెరిగింది. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు జేబులు తడిమేటప్పుడు కూలీలు నిలబడతారే, అలా చేతులు ముందుకు కట్టుకుని ఇంద్రాణి అంతసేపూ నిలబడింది.

"అయిందా దీదీ?"

"రేపట్నించి రావొద్దులే. అవసరమైతే నేనే కబురు పెడతాను. ఈ నోటుబుక్కు ఇక్కడే ఉండనీ."

"అందులో గీసినవి నావి."

"ఈ ఇంట్లో కూర్చుని గీసినవి కదా?"

ఇంద్రాణి టిఫిన్ డబ్బా, దువ్వెన, సర్టిఫికెట్, పెన్‌డ్రైవ్ సంచీలో సర్దుకుని వెళ్లిపోయింది. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించాక రాజ్యశ్రీ కుర్చీలో కూలబడింది. దొంగని పట్టుకున్న తృప్తి కోసం చూసుకుంది. రాలేదు. రేపు మళ్లీ ఏదీ పోకపోతే వస్తుందిలే అనుకుంది.

*

గురువారం అంతా మిషన్లో మిగిలిపోయిన గెలని కుట్టడంతో సరిపోయింది, అంటే దారాలు తెగడంతో సరిపోయింది. ఇంద్రాణి చేతి కింద రోజుకి రెండుసార్లు తెగే జరీ, రాజ్యశ్రీ చేతి కింద పది కుట్లకోసారి తెగింది. తెగిన ప్రతిసారీ మిషన్ కుయ్యిమని అరుస్తుంది. సాయంత్రానికి ఆ అరుపు తనని వెక్కిరిస్తున్నట్టుంది.

శుక్రవారం పొద్దున్నే నోటుబుక్కు ముందేసుకుని ఇప్పపూల కొమ్మని తనే గీయడం మొదలుపెట్టింది. గళ్ల కాగితం మీద ఒక్కొక్క పువ్వూ లెక్కతో ఉంది. రేక ఎటు వాలితే కుట్టు ఎటు నడవాలో సన్నటి బాణం గుర్తులున్నాయి. ఎక్కడ దారం తెగుతుందో అక్కడ చిన్న చుక్క ఉంది. ఇంద్రాణి ఒక్క పువ్వు కోసం నాలుగు పేజీలు కొట్టేసి, అయిదో పేజీలో కుదిర్చింది. రెండేళ్లుగా 'అది అలవోకగా గీసేస్తుంది' అని అందరితో చెప్పుకున్న మనిషికి ఆ నాలుగు పేజీలు చూశాక ముఖం వేడెక్కింది.

పదకొండున్నరకి డిజైను ఒక రూపానికొచ్చింది. తాళం ప్రోగ్రాంలో పెట్టి, మూట కట్టి, డబ్బాలోకి పంపింది. ముందుగదిలోకి వచ్చి లాప్‌టాప్‌లో ఫోల్డరు తెరిచింది. ఉంది. టీ పెట్టుకోవడానికి లేచింది, ఈసారి ఫోల్డరు మూయలేదు. టీ గ్లాసుతో వచ్చి చూస్తే లేదు.

ఉమామహేష్ కొండ మీదున్నాడు. వీధి తలుపు గడియ వేసే ఉంది. పెరటి తలుపు దగ్గరికి పరిగెత్తి చూసింది, అదీ వేసే ఉంది. మంచం కిందకి కూడా వంగి చూసి, తను చేస్తున్న పనికి తనే సిగ్గుపడి లేచింది.

వరండాలోకి వెళ్లి అదే డిజైనుకి మళ్లీ తాళం వేసి, మళ్లీ డబ్బాలోకి పంపింది. వచ్చి లాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది, రెప్ప వేయలేదు. పేరు కనిపించింది. పేరు పక్కన చిన్న బొమ్మ కనిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకునేసరికి రెండూ పోయాయి. తెర మూల పచ్చ టిక్కు లేచింది. ముప్పు తొలగించాం. మీరు క్షేమం.

వెంటనే కిషోర్‌కి ఫోన్ చేసింది.

"ఆ పచ్చ టిక్కు మీద నొక్కక్కా," అన్నాడతను. "క్వారంటైన్ అని ఉంటాది చూడు, అది నొక్కు. కరోనాలో మనల్ని పెట్టినట్టే, అనుమానం వచ్చిన ఫైళ్లని పట్టుకెళ్లి అక్కడ పెడతాది."

నొక్కింది. ఏడు పేర్లు వరసగా ఉన్నాయి. ఇవాళ్టివి రెండు. మిగతా ఐదూ ఇంద్రాణివి. ఒక్కొక్క పేరు పక్కన పట్టుకున్న రోజు, గంట, నిమిషం.

"మంచి డిజైన్లు కదరా ఇవి. వీటినెందుకు పట్టింది?"

"నువ్వు తాళమేసి మూట కట్టేవు కదక్కా. లోపల ఏముందో దానికి కనపడదు. పైగా ఆ తాళం ప్రోగ్రాం ఎక్కడిదో, ఎవడు చేశాడో తెలీదు. దొంగసరుకు అనుకుంటాది. నీ నెమళ్లకి తాళం లేదు, వదిలేసింది."

"ఇది నా లాప్‌టాప్‌లో కదా ఉంది. ఫ్రిజ్ మీది డబ్బాలోంచి ఎలగ పట్టుకెళ్లింది?"

"నువ్వు లాప్‌టాప్‌లోంచి డబ్బా తెరిచి చూస్తావు కదా, నీతోపాటు అదీ చూస్తాది. నువ్వు తెరవకపోతే దానికి ఆ ఊసే తెలీదు."

రాజ్యశ్రీ గంటలూ నిమిషాలూ ఇంకోసారి చదివింది. శనివారం సాయంత్రం, ఇంద్రాణి గేటు దాటగానే. బుధవారం, ఆ పిల్ల అన్నానికి లేచిన వెంటనే. ఒక్కటీ తప్పకుండా అన్నీ తను అనుమానంతో ఫోల్డరు తెరిచిన వేళలే.

"అంటే నేను చూసినందుకే పోయేయా?"

"అంతేనక్కా. ఇప్పుడు ఏటి పోయింది, అన్నీ అక్కడే ఉన్నాయి కదా. వెనక్కి తెచ్చేసుకో," అని కిషోర్ తేలిగ్గా అని ఫోన్ పెట్టేశాడు.

టీ చల్లారిపోయింది. ఆమెకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. శనివారం అంటే రేపే. కమలక్కకి ఏమని చెప్పాలి? ఆవిడకి చెబితే పై లైను మొత్తానికి చెప్పినట్టే. తర్వాత ఆ భయం పక్కనే ఇంకో ఆలోచన మెల్లగా వచ్చి కూర్చుంది. ఎవరికీ చెప్పకపోతే? ఇంద్రాణిని బతిమాలి తీసుకురావచ్చు. సెంటర్లో పని ఎలాగూ రాదు కాబట్టి ఎక్కడికీ పోదు. మౌనిక బ్లౌజులు అవుతాయి, ఆ తర్వాత వచ్చే పెళ్లిళ్లవీ అవుతాయి. ఆలోచన ఎంత బాగుందంటే, చీర మార్చుకుని, నోటుబుక్కు చేత పట్టుకుని, ఆటో ఎక్కేదాకా ఆమెకు అందులో తప్పే కనిపించలేదు.

*

రైలుకట్ట పక్కన బస్తీలో ఇల్లు కనుక్కోవడానికి ముగ్గురిని అడగాల్సి వచ్చింది. రెండేళ్లలో ఒక్కసారీ రాలేదు మరి. రేకుల ఇంటి ముందు వసారాలో ఇంద్రాణి చేతి మిషన్ మీద బడిపిల్లల నిక్కర్లు కుడుతోంది. ఆమె తండ్రి సుక్రాం చింతపండు గింజలు తీస్తున్నాడు. రాజ్యశ్రీని చూసి గబగబా లేచి, చేతులు పంచెకి తుడుచుకుని, ముక్కాలిపీట వేశాడు.

"రండి దీదీ, కూర్చోండి. మిషన్ బాగయిందా?" అన్నాడు హిందీలో.

రాజ్యశ్రీ ఇంద్రాణి వంక చూసింది. ఇంద్రాణి నిక్కరు వంక చూస్తోంది. మిషన్ చెడిపోయిందనీ, అందుకే సెలవనీ ఇంట్లో చెప్పుకుందన్నమాట. సంచీ వెతికించుకున్న పిల్ల, వెతికిన మనిషి పరువు కాపాడింది. తన పరువు కూడా అందులోనే ఉంది కనక కాపాడిందేమో. ఏదైతేనేం, రాజ్యశ్రీకి ఆ పీట మీద కూర్చోవడం కష్టమైంది.

సుక్రాం మంచినీళ్లకి లోపలికి వెళ్లాడు. రాజ్యశ్రీ గొంతు తగ్గించి యాంటీవైరస్ సంగతీ, తాళం సంగతీ, ఏడు పేర్ల సంగతీ చెప్పింది. "నా బుద్ధి గడ్డి తింది ఇంద్రాణీ. మనసులో పెట్టుకోకు. రేపట్నించి వచ్చేయి," అని నోటుబుక్కు ఆమె ఒళ్లో పెట్టింది.

ఇంద్రాణి నోటుబుక్కు తెరవలేదు. "సెంటర్ నుంచి నిన్న ఫోనొచ్చింది దీదీ. శనివారం రమ్మన్నవాళ్లు, రావొద్దన్నారు. ఎందుకని అడిగితే మీ దీదీనే అడుగు అన్నారు." అప్పుడు తల ఎత్తింది. "మీరు ఏం చెప్పారు?"

"నేను గట్టిగా ఏమీ అనలేదే..."

"ఏం చెప్పారు?"

"డిజైన్లు పోతున్నాయన్నాను."

ఇంద్రాణి సూది కింద నుంచి నిక్కరు లాగి, దారం పంటితో తెంపింది. "మౌనికవి పూర్తి చేస్తాను. ఆవిడ తప్పేం లేదు. ముందు మీరు ఒకటి రాసివ్వండి. నోటితో చెప్పింది నోటితో తీస్తే పోదు."

ఆటోలో అంత బాగున్న ఆలోచన ఇప్పుడు నోట్లో చేదుగా తగిలింది. రాసిస్తే ఈ పిల్ల సెంటర్‌కి పోతుంది, తను నెమళ్లు కుట్టుకుంటూ కూర్చోవాలి. పై లైన్లో అందరూ నవ్వుతారు. రాసివ్వనంటే ఇంద్రాణి ఏమీ చేయలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంద్రాణి మళ్లీ అడగలేదు. నిక్కరుకి కాజా కోస్తూ కూర్చుంది.

"నాకు హిందీ రాయడం రాదే," అంది రాజ్యశ్రీ చివరికి.

"నేను రాస్తాను."

నోటుబుక్కు వెనకపేజీ ఒకటి చింపి, ఇంద్రాణి గుండ్రటి అక్షరాలతో హిందీలో నాలుగు వాక్యాలు రాసింది. రాసినవి పైకి చదివింది. డిజైన్లు ఎవరూ తీయలేదు, కంప్యూటర్ రక్షణ కోసం వేసిన ప్రోగ్రామే పక్కన పెట్టింది, అన్నీ దొరికాయి, ఇందులో ఇంద్రాణి తప్పు లేదు. కింద రెండు వరసలు ఖాళీ వదిలి, పెన్ను రాజ్యశ్రీకి ఇచ్చింది.

"ఈ ఖాళీ ఎందుకు?"

"మేడమ్ అడుగుతారు కదా, అందరిలో నన్నే ఎందుకు అనుమానించారని. అది మీరు రాయాలి. తెలుగులో రాయండి, కమలా మేడమ్‌కి వచ్చు."

రాజ్యశ్రీ పెన్ను పట్టుకుంది. పెన్‌డ్రైవ్ తుడిచేసింది కనక అని రాయబోయింది. రెండేళ్లుగా తుడుస్తూనే ఉంది. ఏడవలేదు కనక అనుకుంది. ఏడవకుండా కూర్చుని మళ్లీ గీసింది, అంతే. ఫోన్లో తనకి రాని భాషలో మాట్లాడింది, చెప్పకుండా ఇంటర్వ్యూకి వెళ్లింది, సైకిలు మీద ఈ బస్తీ నుంచి వస్తుంది. ఒక్కొక్కటీ కాగితం దాకా వచ్చి సిగ్గుపడి వెనక్కి పోయింది. అదే డిజైను కమలక్క కూతురి చేతిలో పోయి ఉంటే సంచీ అడిగేదా? డబ్బా చెడిపోయిందనే అనుకునేది.

ఒకే వాక్యం రాసి సంతకం పెట్టింది. సుక్రాం నీళ్ల చెంబుతో వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

"ఏం రాశారు? చదవండి దీదీ," అంది ఇంద్రాణి.

రాజ్యశ్రీ సుక్రాం వైపు చూసింది.

"వినపడనీయండి. కాగితం వచ్చింది కదా, ఇప్పుడు నాన్నకి చెప్పొచ్చు."

"ఇంద్రాణిని అనుమానించడానికి నా దగ్గర కారణం ఏమీ లేదు," అని రాజ్యశ్రీ చదివింది. మళ్లీ, సుక్రాంకి తెలిసేలా, హిందీలో చెప్పింది.

"అనుమానమా?" అన్నాడు సుక్రాం. "ఏం అనుమానం?"

ఇంద్రాణి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. తండ్రి చేతిలోంచి చెంబు తీసుకుని రాజ్యశ్రీ ముందు పెట్టింది. తర్వాత ఆయన వైపు తిరిగి హల్బీలో చెప్పడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, మొదటి నుంచి చెబుతోంది. రాజ్యశ్రీకి ఆ మాటలు అర్థం కాలేదు. సుక్రాం ముఖం మాత్రం కనిపిస్తూనే ఉంది. సంచీ దగ్గరికి ఎప్పుడు వచ్చిందో, రెండొందల పన్నెండు ఫొటోల దగ్గరికి ఎప్పుడు వచ్చిందో ఆ ముఖం చూస్తే తెలిసింది. ఆటోవాడు కట్ట పక్కనుంచి రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇంద్రాణి చెప్పడం అయ్యేదాకా రాజ్యశ్రీ ఆ పీట మీంచి లేవలేదు.